తల్లి అందుబాటులో లేరు

కోమల్ నోరు తెరిచింది గానీ మాట బయటికి రాలేదు. ఎదురుగా మూడు కాళ్ల మీద నిలబెట్టిన కెమెరా, దాని పక్కన వెలుగుతున్న ఎర్ర చుక్క, ఒళ్లో నాలుగేళ్ల పిల్లాడు.

"చెప్పు అక్కా," అన్నాడు సంకేత్ మెల్లగా. "కాగితంల ఉన్నది చదివితే సాలు. 'నేను, కోమల్ మాణిక్, శుభం తల్లిని.' గంతే. అటెన్క నేను ఒక్కొక్కటి అడుగుత, నువ్వు చెప్పుకుంట పో."

కాగితం చేతిలోనే ఉంది. తెలుగే, పెద్ద పెద్ద అక్షరాలే. బోధన్ దగ్గరి ఊళ్లో ఏడో తరగతి దాకా చదివి, ఆ పైన పెళ్లి చేస్తే దెగ్లూర్ అవతలి పల్లెకు వచ్చిన పిల్ల ఆమె. ఆ ఒక్క వాక్యం చదవలేక కాదు.

"నేను, కోమల్ మాణిక్..." అని ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది. "నేను, కోమల్ మాణిక్..."

గోడ వారగా బల్ల మీద ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఒకరు అత్త వెంకవ్వ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అనబోకు అన్నట్టు కోడలి వైపే గుచ్చి చూస్తోంది. రెండో ఆమె పక్కింటి లీలాబాయి. ఆమెకు అంత ఓపిక లేదు.

"జరుగు, నేను చెప్త," అని లేచింది. "పోరని తల్లిని నేను. రాస్కో బాబూ, లీలాబాయి."

సంకేత్ కెమెరా ఆపేశాడు.

నాందేడ్‌లో ఆ పెద్ద దవాఖానా వెనక భాగంలో ఉన్న గది అది. కొత్త మందులు జనం మీద పనిచేస్తాయో లేదో చూసే పరీక్షలకు కావలసిన కాగితాలన్నీ అక్కడ తయారవుతాయి. వాటిని తయారుచేసేవాడే సంకేత్. తనూ దెగ్లూర్ వైపు మనిషే కాబట్టి తెలుగువాళ్లు వస్తే మాట్లాడే పని కూడా అతని మీదే పడుతుంది. శుభంకు రక్తంలో జబ్బు. రక్తకణాలు కొడవలిలా వంగిపోయి చిన్న చిన్న నరాల్లో ఇరుక్కుంటాయట. అప్పుడు వేళ్లు ఉబ్బుతాయి, మోకాళ్లు పట్టేస్తాయి, పిల్లాడు నేల మీద పడి మెలికలు తిరుగుతాడు. ఇప్పటిదాకా వాడిన మందు వాడికి పట్టలేదు. కొత్త మందు పరీక్షలో వాడిని చేర్చుకోవచ్చని భాగ్యవతి డాక్టరు చెప్పింది. కానీ అది కొత్త మందు, పైగా చిన్న పిల్లలకు. అందుకని తల్లీ తండ్రీ ఇద్దరూ కెమెరా ముందు తమ నోటితో ఒప్పుకోవాలి.

పొద్దున మాణిక్ ఒక్క గుక్కలో చెప్పేశాడు. "నేను, మాణిక్ గంగారాం, శుభం తండ్రిని." అడిగిన వాటికి తలూపి, సంతకం పెట్టి, మధ్యాహ్నం ఎస్టీ బస్సు దొరకదని పరుగెత్తాడు. దెగ్లూర్ మోండా మార్కెట్లో లారీ నింపాలి, హమాలీ లేకపోతే సేటు ఊరుకోడు. తండ్రి అనే మాట అతని నోటికి బరువు కాలేదు. తండ్రుల నోళ్లకు ఏ కట్టూ లేదు మరి.

"ఏందక్కా ఇది?" అన్నాడు సంకేత్. "ఆధార్ కార్డుల నీ పేరున్నది. పుట్టిన సర్టిఫికెట్ల నీ పేరున్నది. ఈ లీలా మౌశీ ఎట్ల తల్లి అయితది?"

కోమల్ తల వంచుకుంది. చెప్పింది వెంకవ్వే.

"రెండు కాన్పులు పోయినయి బాబూ. మొదటి పిల్ల పాలు మరవక ముందే పాయె. రెండోడు పాకుతుండె, చక్కగ నవ్వుతుండె, ఆడూ పాయె. దీని కడుపు మీద ఏదో కన్నువడ్డది. అందుకని గీడు పుట్టినంక నేనే చాటల పండవెట్టి పెంట మీద పెట్టిన. లీలాబాయి అచ్చి ఎత్కపోయింది. మేం పోయి చాటెడు తవుడు పోసి, సాదుకుంటమని అడుక్కొని తెచ్చినం. ఇప్పుడు ఆడు ఆమె కొడుకు. మాకాడ ఉంటడు, గంతే."

"నా ఇంటికెందుకు అచ్చిండ్రు, అడుగు," అంది లీలాబాయి. "నా ఆరుగురూ బతికిండ్రు. ఒక్కనికి జలుబు గూడ చెయ్యలే."

"జలుబు చెయ్యలేదా? మరి నీ పెద్దోని ముక్కు నా కొంగుతోని ఎందుకు తుడిస్తినే?"

"గది ముక్కు. జలుబు వేరే."

సంకేత్ నవ్వబోయి కోమల్ ముఖం చూసి ఆగిపోయాడు.

పిల్లాడికి అయిదేళ్లు నిండాలి. మాహూర్ వెళ్లి రేణుకాదేవి కొండ మీద పుట్టువెంట్రుకలు తీయించాలి. అప్పటిదాకా కోమల్ తన నోటితో "నా కొడుకు" అనకూడదు, "నేను తల్లిని" అనకూడదు. ఆమె బిడ్డను వెతుక్కుంటూ వచ్చేది ఏదైనా ఉంటే, ఆ ఇంట్లో ఆమెకు బిడ్డే లేడని తిరిగి పోవాలి. ఇంట్లో వాడి పేరు పెంటడు. వాడు లీలాబాయిని మరాఠీలో అమ్మను పిలిచినట్టు "ఆయీ" అంటాడు, కోమల్‌ను "చిన్నమ్మా" అంటాడు. వాడికి మొదటి మాటలు వస్తున్న రోజుల్లో ఆ పిలుపు నేర్పింది కోమలే. "చిన్నమ్మ, చిన్నమ్మ" అని వాడి పెదాలు చూస్తూ పలికించి, వాడు సరిగ్గా అనగానే దొడ్లోకి పోయి ముఖం కడుక్కుంది.

భాగ్యవతి డాక్టరు ఇంకో మాట కూడా చెప్పింది. ఇది తల్లిదండ్రుల రక్తంలోంచి వచ్చే జబ్బని, మొదటి ఇద్దరూ దీనితోనే పోయి ఉండొచ్చని. కోమల్ ఆ మాటను నమ్మింది. అత్త చెప్పినదాన్నీ నమ్మింది. రెండింటినీ మనసులో పక్కపక్కన పెట్టుకుంది. ఏదో ఒకటి వదిలేస్తే, తీరా ఆ వదిలేసిందే నిజమైతే?

"గా ఒక్క మాట తీసెయ్యి బాబూ," అంది లీలాబాయి. "కంప్యూటర్ల తీసుడు ఎంత సేపు?"

సంకేత్ తెరను వాళ్ల వైపు తిప్పాడు.

"ఇటు చూడు మౌశీ. ఈ కాగితం నేను రాసింది కాదు. అచ్చు పోసినట్టు ముందే తయారై అస్తది. టెంప్లేట్ అంటరు. దేశం మొత్తంల ఈ మందు ఎక్కడ చూసినా ఇదే అచ్చు. నీలం రంగు ఉన్న జాగలల్ల నేను పేరు, ఊరు, వయసు నింపుత. నల్ల అక్షరాలు ముట్టద్దు. ఒక్క చుక్క మార్చినా మల్ల కమిటీకి పోవాలె. కమిటీ కూసునేది అచ్చే నెల. పిల్లల్ని చేర్చుకునుడు రేపటితోని బంద్."

"నేను తల్లిని" అన్న మాట నల్లగా ఉంది.

"గా మాట ఎందుకు పెట్టిండ్రు సారు?" అంది కోమల్. గది లోపలికి వచ్చాక ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది.

"ఎక్కడనో మేనమామలు, పక్కింటోళ్లు అచ్చి వేలిముద్ర వేసి పోయిండ్రంట. పోరనికి ఏదో అయినంక ఎవలను అడిగినా నాకు ఎరుక లేదంటే నాకు ఎరుక లేదన్నరంట. మా పెద్దసారు చెప్తుండె. అందుకే తల్లి అయినామె నేనే తల్లినని చెప్పాలె, ముఖం కనబడాలె అని పెట్టిండ్రు. ఇండ్ల ఊకె పెట్టిన నల్ల మాట ఒక్కటి గూడ లేదక్కా."

కోమల్ పిల్లాడి జడను అరచేతిలో పట్టుకుంది. పొద్దుటి నుంచి నర్సులిద్దరు వాడిని ఆడపిల్ల అనుకుని బుగ్గ గిల్లి పోయారు.

వెంకవ్వ కళ్లు చికిలించి తెర వైపు వంగింది. చదువు రాదు గానీ మనిషి చురుకు. "మరి తల్లి సచ్చిన పిల్లలకు మందియ్యరా?" అంది.

సంకేత్ జవాబు చెప్పడానికి ఒక్క క్షణం తటపటాయించాడు. "ఇస్తరు. దానికి వేరే గడి ఉన్నది."

చూపించాడు. నీలం రంగులో చిన్న గడి. పక్కన 'తల్లి అందుబాటులో లేరు' అని ఉంది. దాని కింద కారణాలు. మొదటి కారణం, మరణించారు.

"గండ్ల టిక్కు పెట్టు, అయిపాయె," అంది వెంకవ్వ.

"అవ్వా! మనిషి ముందల కూసుండంగ సచ్చిందని ఎట్ల రాస్త? నా నౌకరి పోతది."

"నీ నౌకరి పోతదో, పోరడు పోతడో?" అంది లీలాబాయి. అనేసి వెంటనే నాలుక కరుచుకుంది. వెంకవ్వ థూ థూ అని ఆమె వైపు ఉమ్మినట్టు చేసి, పిల్లాడి చుట్టూ చెయ్యి తిప్పి మెటికలు విరిచింది.

"పెట్టు సారు," అంది కోమల్.

అందరూ ఆమె వైపు చూశారు.

"నేను సచ్చిన్నని రాయి. నాకేం లేదు. ఆయన చెప్పిండు గద, సంతకం పెట్టిండు గద. మందియ్యిండ్రి. నేను గీ మూలకు కూసుంట."

ఆ మాట ఆమె గొంతులో ఏ అడ్డూ లేకుండా వచ్చింది. నిజానికి ఆమెకు ఊరటగా కూడా ఉంది. ఇన్నేళ్లుగా ఇంట్లో నోటితో చేస్తున్న పనినే ఇప్పుడు కాగితం మీద చెయ్యమంటున్నారు. తల్లి లేదని, బిడ్డను వెతుక్కుంటూ వచ్చేదానికి మూడు ఊళ్ల దూరం నుంచే కనబడేట్టు రాసి పెడితే, ఇంతకంటే గట్టి కాపలా ఏముంటుంది?

సంకేత్ ఇంకో నకలు తెరిచాడు. "ఇది ఉత్తదే. సేవ్ చెయ్యను. పెడితే ఏమైతదో నువ్వే చూడు అక్కా. చూసినంక గూడ పెట్టమంటే డాక్టర్ మేడంను పిలుస్త, ఆమెకు చెప్పు," అని ఆ గడిలో నొక్కాడు.

తెర ఒకసారి కదిలింది. పేజీలు పైకి జరగడం మొదలుపెట్టాయి. కోమల్ పేరు ఉన్నచోటల్లా గీత పడింది. మొదటి పేజీలో, మూడో పేజీలో, సంతకం కింద, ఫోన్ నంబరు పక్కన. ఒక్కచోట నొక్కితే అన్నిచోట్లా దానంతట అదే. తర్వాత ఒక పెద్ద ముక్క, దాదాపు పేజీ అంత, ముడుచుకుపోయినట్టు మాయమైంది. కిందిది వచ్చి పైదానికి అతుక్కుంది. మధ్యలో ఏదో ఉండేదన్న గుర్తు కూడా లేదు.

"గదేంది? అది ఎటు పాయె?"

"ఏది?"

"ఇప్పుడే ఉండె గద. 'తల్లి గమనించవలసినవి' అని. నేను చదివిన."

"తల్లి లేనప్పుడు తల్లి పనులు కాగితంల ఉండయి అక్కా. గట్లనే కట్టిండ్రు దీన్ని. ఆ ఫోన్ నంబరు జాగల గూడ ఇగ మాణిక్ అన్న నంబరే అస్తది."

అన్న ఫోను. మూటలు మోసేటప్పుడు మాణిక్ ఫోనును చొక్కాలో పెట్టి, చొక్కాను గోదాములో మేకుకు తగిలిస్తాడు. పొద్దుగూకాక గానీ దాని ముఖం చూడడు.

కెమెరా పెట్టక ముందు ఆ పేజీ ఆమె చదివింది. వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుని చదివింది. ఎడమ డొక్క గట్టిపడి ఉబ్బినట్టు అనిపించినా, పెదవులు పాలిపోయినా, పిల్లవాడు ఉన్నట్టుండి నీరసపడినా ఆలస్యం చేయకుండా ఈ నంబరుకు ఫోన్ చేయాలి, అని ఉంది అందులో. చదివి అక్కడే ఆగిపోయింది. రెండోవాడు అలాగే పోయాడు. పాకుతున్నవాడు పాకడం మాని, ఆమె భుజం మీద తల వాల్చేశాడు. పొట్ట రాయిలా ఉంది. పెదాలు సున్నం కొట్టినట్టున్నాయి. అజీర్తి అన్నారు, వాము నీళ్లు పట్టమన్నారు, దిష్టి తీశారు. పొట్ట గట్టిగా ఉందని ఆమె అందరికీ చెప్పింది. ఎవరికి ఫోన్ చెయ్యాలో ఆ రోజు ఆమెకు ఏ కాగితమూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పిన కాగితం కళ్ల ముందే ముడుచుకుపోయింది.

"గా పేజీ మల్ల తే," అంది.

"అక్కా..."

"మల్ల తే సారు. తీసెయ్యి గా టిక్కు."

తీసేశాడు. పేజీ తెరుచుకుంది. ఆమె పేరు ఎక్కడిదక్కడికి వచ్చి కూర్చుంది.

"కెమెరా పెట్టు."

"కోమల్!" వెంకవ్వ నోటి మీంచి కొంగు తీసింది. ఆమెకూ మనవడే వాడు. ఇద్దరిని గుడ్డలో చుట్టి పంపింది ఆ చేతులే. "ఇంకో ఏడాది ఓపిక పట్టుకో బిడ్డా. ఇన్నేండ్లు పట్టినవు. ఒక్క మాటతోని అంత పాడు చేస్తవా?"

"అత్తా, పోరడు ఏడాది ఆగుతడా?"

"నాకేం ఎరుక? ఏమన్న అయితే నాకాడ ఏడ్వకు మరి."

"నీకాడ గాక ఎవలకాడ ఏడుస్త?"

లీలాబాయి ఆమె రెక్క పట్టుకుని లేపింది. "లే వెంకవ్వా, ఎలుపటికి పోదాం. నేను ఈడ కూసుంటే పోరి నోరు లెవ్వది." తలుపు దాకా పోయి వెనక్కి తిరిగింది. "ఇను కోమల్. నేను తవుడు దీసుకున్న, నిజమే. ఆ తవుడు మా బర్రె తిన్నది. నా దిక్కుకెళ్లి నీకు ఏ అడ్డం లేదు. దేవుని దిక్కుకెళ్లి నాకు తెల్వది."

తలుపు మూసుకుంది.

ఎర్ర చుక్క వెలిగింది. కోమల్ కాగితం పక్కన పెట్టేసింది. "నేను, కోమల్ మాణిక్," అంది. "శుభం..."

"శుభం ఎవలు?" అన్నాడు ఒళ్లో పిల్లాడు.

"నువ్వే."

"నేను పెంటన్ని."

"నువ్వే శుభం. నేను..." కళ్లు మూసుకుంది. "నేను శుభం తల్లిని."

"కాదు," అన్నాడు వాడు స్పష్టంగా. "నువ్వు చిన్నమ్మవు. ఆయి ఎటు పాయె?"

కోమల్ భయంగా సంకేత్ వైపు చూసింది. "ఇది గూడ కెమెరాల వడ్డదా?"

"వడ్డది. ఏదీ తీసెయ్యద్దు, ఉన్నది ఉన్నట్టే ఉండాలె. చూసేటోళ్లు అడుగుతరు. నేను దాని కింద మీ రివాజు సంగతి మొత్తం రాస్త, చాట, తవుడు అన్ని. ఆ జాగ నీలం రంగే, రాయొచ్చు. కానీ నువ్వు ఇంకోసారి గట్టిగ అనాలె అక్కా. పోరడు కాదన్నంక నువ్వు అన్నది ఉండాలె."

మొదటిసారి అన్నప్పుడు కళ్లు మూసుకుని అంది. ఇప్పుడు అలా కుదరలేదు. ఎందుకంటే వాడు ఆమె ముఖంలోకే చూస్తున్నాడు, ఏదో తప్పు చెప్పిన పెద్దమనిషిని చూసినట్టు. కెమెరాను వదిలేసి వాడికే చెప్పింది.

"నేను కోమల్ మాణిక్. శుభం తల్లిని. నిన్ను కన్నది నేనే. ఆయి నిన్ను తన కొడుకని అన్నది, గంతే. కన్నది నేను."

వాడు వేలితో ఆమె పెదాలు ముట్టుకుని, ఆ మాట అక్కడి నుంచే వచ్చిందా అన్నట్టు చూసి, సంకేత్ బల్ల మీది పెన్ను మూత కోసం చెయ్యి చాచాడు.

ఆ తర్వాతవన్నీ త్వరగా జరిగిపోయాయి. ఏ మందు, ఎందుకు, ఏ ఇబ్బందులు రావచ్చు, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చు. సంకేత్ అడిగాడు, ఆమె తనకు అర్థమైనట్టు తన మాటల్లో చెప్పింది. చివరికి ఒక గడి దగ్గరికి వచ్చాడు. 'తల్లి అడిగిన ప్రశ్నలు' అని దాని పేరు. అందులో 'ఏమీ లేవు' అని ముందే పడి ఉంది. వచ్చినవాళ్లెవరూ ఏమీ అడగరు కాబట్టి అలా వేసి పెట్టుకోవడం సంకేత్‌కు అలవాటైపోయింది. మామూలుగా దాన్ని దాటి ముందుకు పోతాడు.

"ఆగు సారు," అంది కోమల్. "నాకున్నయి."

అతను 'ఏమీ లేవు' చెరిపేశాడు.

"డొక్క గట్టివడ్డదని నాకెట్ల తెలుస్తది? తిన్నంక గూడ గట్టిగనే ఉంటది గద. ఆ ఫోన్ ఎవలు ఎత్తుతరు, తెలుగు వస్తదా వాళ్లకు? బస్సు లేకుంటే ఏం జెయ్యాలె? మందు కక్కుకుంటే మల్ల పొయ్యాల్నా?" ఒకదాని వెనక ఒకటి. సంకేత్ వేళ్లు అందుకోలేక రెండుసార్లు ఆపించాడు. భాగ్యవతి డాక్టరును పిలిపించాడు. ఆమె వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుని ఒక్కొక్కదానికి జవాబు చెప్పింది. ప్రశ్న పక్కన జవాబు పడుతూ పోయింది.

అన్నీ అయ్యాయనుకున్నాక కోమల్ గొంతు తగ్గించింది.

"నేను గీ మాట అన్నందుకు... తల్లినని అన్నందుకు... ఆనికి ఏమన్న అయితదా?"

సంకేత్ చేతులు ఆగాయి. "ఇది గూడ రాయమంటవా అక్కా?"

"ప్రశ్ననే గద. రాయి."

రాశాడు. పక్కన జవాబు గడి ఖాళీగా ఉండిపోయింది. అది నిండనిదే కాగితం ముందుకు కదలదు. అతను డాక్టరు వైపు చూశాడు. అట్లాంటిదేం ఉండదమ్మా అని ఒక్క మాట అంటే సరిపోతుంది, రోజుకు పదిమందితో అంటూనే ఉంటుంది. భాగ్యవతి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. పెన్ను మూతను నోట్లో పెట్టుకుంటున్న పిల్లాడిని చూసింది, కోమల్‌ను చూసింది.

"నాకు తెల్వదమ్మా," అంది. "మందుతోని ఏమైతదో గూడ నాకు పూర్తిగ తెల్వది. తెలిస్తే ఈ పరీక్షనే అక్కర లేకుండె. రోజూ దగ్గరుండి చూస్తం. నువ్వు ఇంటికాడ, నేను ఈడ."

"గంతేనా?"

"గంతే."

కోమల్‌కు ధైర్యం కలగలేదు. కానీ ఎవరూ ఆమెను బుజ్జగించి పంపెయ్యలేదు. సంకేత్ అదే రాశాడు, 'తెలియదు. ఇద్దరం చూస్తూ ఉంటాం' అని. ఆమె వంగి ఒక్కో మాటా కూడబలుక్కుని చదివింది. పిల్లాడి నోట్లోంచి పెన్ను మూత లాగి కొంగుకు తుడిచి బల్ల మీద పెట్టింది.

"రక్తం తీసే సూది ఏ చేతికి పొడుస్తరు?" అంది. "కుడి చేతికి వద్దు. ఆ చేతితోనే తింటడు."